కుట్టు అంచు

పాత టీవీ పిక్చర్ ట్యూబు
పీర్ల పండుగనాడు పోయింది.
ముందు మనుషులు పచ్చబడ్డరు, తర్వాత సన్నబడ్డరు,
ఆఖరికి తెర నడుమ ఒక్క తెల్లగీత మిగిలి
అది గూడ చుక్కయి ఆరిపోయింది.

కంప్యూటరు సంగతి అంతకంటె మెరుగేం కాదు.
ఏనుగుల వరుస గీసి రంగు నింపుదమంటె
మౌసు ఒకతాన, గీత ఒకతాన.
"గ్రాఫిక్స్ కార్డు లేదక్కా దీనికి,
మదర్‌బోర్డు మీదున్నదాన్నే పిండుకుంటున్నవ్"
అన్నడు కేబులు పైసలకొచ్చిన పిలగాడు.

చేతిల ఉన్నది మూడువేల ఆరువందలు.
అందుల ఆరువందలు జరీ బాకీ.

సోమారం పాలమూరు బస్సెక్కిన.
గడియారం చౌరస్త పక్కన, మిద్దె మీద, మొయినుద్దీన్ దుకాణం.
చెప్పులిడుస్తనే అడిగిన:
బొమ్మ మంచిగ రావాలె, టీవీ గూడ రావాలె,
పైసలు మాత్రం ఒకదానికే ఉన్నయి.

నవ్విండు. అద్దాల బీరువల నుంచి
అరచేతి కంటె కొంచెం పెద్ద పచ్చపలక తీసి ముందర పెట్టిండు.
ఒక చివర కేబులు దూరే గుండ్రటి నోరు,
నడుమ చిన్న ఫ్యాను, కింద వరుసగ బంగారు రంగు పండ్లు.
"రెండూ ఇండ్లనే."

విడివిడిగ తీసుకుంటె?
"ఒకటి పోయినా ఇంకోటి బతుకుతది. పైసలెక్కువ.
ఇదైతె సస్త. పోతె రెండూ పోతయి.
ఏ పనిలనూ మొనగాడు కాదిది, ఉన్నమాట చెప్తున్న."
అమ్మేటోడు ఇట్ల చెప్పంగ నేనెన్నడూ ఇనలే.

కార్డు ఎనక్కి తిప్పి చూసిన.
మా గద్వాలకు ఇదేం కొత్త ముచ్చట?
నడుమంత నూలు, అంచు పట్టు,
రెండు తీర్ల దారం, రెండు తీర్ల గుంజుడు,
తడిస్తె ఒకటి ముడుచుకుంటది, ఇంకోటి మాట వినది.
అయినా ఒక్క చీరనే కదా కట్టుకునేది.
చూసేటోళ్ళు అంచు చూస్తరు,
కొనేటోళ్ళు నూలు పిసికి చూస్తరు,
మా ఆయన చౌడప్ప మాత్రం
రెండిటి నడిమిట్ల గోటితోని గీరి చూస్తడు.
చిరిగితె అక్కడనే.

"దీని కుట్టు యాడుంది?" అన్న.
సాబుకు ముందు సమజ్ కాలే.
అయినంక అద్దాలు సర్దుకొని
నల్లచిప్పు పక్కన సన్నగీతలు చూపించిండు:
"ఈడ వేడెక్కుతది. ఎండకాలం డబ్బ మూత తీసిపెట్టుండ్రి."
లెక్కపెట్టిన. పద్నాలుగు గీతలు, ఒకదానికొకటి తాకకుండ.
మంచి నేతనే.

రెండువేల తొమ్మిదొందలు.
అందులనే రిమోటు, సీడీ,
ఎవరూ చదవని లావుపాటి పుస్తకం.
బస్సుల ఒళ్ళె పెట్టుకుంటె
కొత్తకోట కాడ కండక్టరు అడిగిండు, గాజులా అని.
ఊఁ అన్న.

రాత్రి ఎనిమిదింటికి
తెర మూలన అగ్గిపెట్టెంత కిటికీల
వాన కబురు చెప్పే ఆమె ప్రత్యక్షమైంది.
మిగిలిన తెరంత నా హంస, ముక్కు దగ్గర ఇంక రంగు పడలే.
చౌడప్ప మగ్గం గుంతల నుంచి లేవకుండనే మెడ సాచి
"ఆమె అంచు ఆపు జర" అన్నడు.

బటన్ నొక్కితె ఆగింది.
పెద్దగ చేసినకొద్దీ అంచు మాయమై గడులు మిగిలినయి,
మా నాయిన పెన్సిలుతోని నింపిన గ్రాఫు కాగితం లెక్క.
నేనింకా గడులు లెక్కవెడుతనే ఉన్న,
"మరమగ్గందే" అన్నడాయన, చూపు నాడె మీదికి తిప్పుకొని.

అప్పుడే కరెంటు పోయింది.
హంస పోయింది, వాన ఆమె పోయింది,
మొయినుద్దీన్ చెప్పినట్లే, రెండూ.
సేవ్ కొట్టిన్నో లేదో యాదికొస్తలేదు.

గుంతల మాత్రం చప్పుడు ఆగలే.
చీకట్ల నాడె అటు, ఇటు,
అంచు కాడ ఒక్క క్షణం తడుముకొని, మళ్ళ అటు.

నేను డబ్బ మూత తీసి
వేడెక్కే తావు మీద వేలు పెట్టి చూసిన.
ఇంక గోరువెచ్చగనే ఉన్నది.