ఒక ఫ్యారడ్

పాట మోగితే లైట్లు గుడ్డివైపోతున్నాయన్నా,
అన్నాడు పెంచలప్రసాదు.
ఇసకపల్లి హేచరీ నించి రాత్రిళ్లు
పాత వ్యానులో రొయ్యపిల్ల తోలతాడు.
పాట లేకపోతే నిద్ర.
పాట పెడితే, దెబ్బదెబ్బకీ రోడ్డు మాయం.
మొన్న అల్లూరు మలుపులో
దరువుకీ దరువుకీ మధ్య
ఒక బర్రె పుట్టిందంట.

కావలి ట్రంకు రోడ్డు. మిట్టమధ్యాన్నం.
కాలేషా మామ వెనక తలుపు తెరిచాడు.
ముప్పై ఏళ్లు బాక్సుల ముందర కూర్చున్న చెవులు
ఎప్పుడో సెలవు పెట్టేశాయి.
ఇప్పుడు అరచేత్తో వింటాడు,
రేకు మీద ఆనించి, కళ్లు మూసుకోని.

బ్యాటరీ కడుపు పెద్దదేరా,
ఇచ్చే చెయ్యే నిదానం, అంటాడు.
ఆంప్లిఫయరుకి ఆగే గుణం లేదు,
లైట్ల నోటికాడ కూడు లాక్కుంటది.
అందుకని మధ్యలో దీన్ని పెట్టాల.
పాలక్యానంత వెండిరంగు డబ్బా.
ఒక ఫ్యారడ్.
అడిగిన రెప్పపాటుకి చేబదులిచ్చి
మళ్లీ దరువు లోపల
తిరిగి నింపుకునేది.

మైనస్ తీగ బాడీకి.
పెయింటు గీకాను, ఇనుము తెల్లగా నవ్విందాకా.
ప్లస్ తగిలించబోతే
మణికట్టు మీద ఒక్కటిచ్చాడు.
"వారం పస్తున్నోడి నోట్లో
గంగాళం బోర్లిస్తావా?"
ఎడమ బొటనవేలు చూపించాడు.
గోరు సగం నలుపు.
ఏ కారో, ఏ ఊరో చెప్పలా.

ఫ్యూజు పీకి, దాని చోట
బ్రేకులైటు బల్బొకటి పెట్టాడు.
భగ్గుమంది బల్బు.
తర్వాత పసుపు.
తర్వాత ఎరుపు, మిరపపండు తొడిమంత.
ఆపైన ఏమీ లేదు.
ఆరిపొయ్యింది మామా, అన్నాను.
నా పెదాలు చదివి
"నిండింది" అన్నాడు.

షట్టరు దించాం.
చీకట్లో హెడ్‌లైట్లు గోడమీద క్యాలెండరును పట్టుకున్నాయి.
ప్రసాదు పాట పెట్టాడు.
డబ్బాలో నట్లు ఎగిరాయి,
టీగ్లాసు నడుచుకుంటా బల్ల అంచుకొచ్చింది,
పక్కషాపు టైలరు సుబ్బరామయ్య ఏదో తిట్టాడు.
గోడమీద వెలుగు మటుకు
కదల్లా.
మామ చూసింది దాన్నే.

రేటు మాట్లాడేటప్పుడు మాత్రం
ఆయన చెవులు సెలవు రద్దు చేసుకోని వస్తాయి.
రెండొందలు తగ్గించాడు, బర్రె పేరు చెప్పి.

పోతా పోతా ప్రసాదుతో అన్నాడు:
"ఎప్పుడన్నా పీకాల్సొస్తే బల్బు పెట్టి దించు.
తీగలు తెగినాక కూడా
ఖాళీ అనుకోబాక."

బండి ఉదయగిరి బ్రిడ్జి దాటుంటది.
నాకు ఇంకేం వినపడలా.
మామ అరచెయ్యి
బల్ల మీద
కొడతానే ఉండాది.