తీపులు

ఏడింటికి కలాసిపాళ్యంలో బస్సు దిగి
మాప్ కర్ర అందుకుంటాను.
ఎనిమిది కాకముందే వార్డులోంచి పిలుపు:
"ఉరుకుందమ్మా, బా ఇల్లి, ఇవరు ఏనో హేళ్తారె!"
కర్ర గోడకు ఆనించి
నాలుక తీసుకుని పోతాను.

కర్రకు నెలకింతని జీతం ఉంది.
నాలుకకు లేదు.

పన్నెండో మంచం మీది తుమకూరు తాత
పొట్ట పట్టుకుని "ఉరి, ఉరి" అన్నాడు మొన్న.
మదనపల్లె నుంచి కొత్తగా వచ్చిన నర్సు పాప
బెదిరి ఫ్యానుకేసి చూసింది.
ఉరి కాదు తల్లీ, మంట.
వాళ్ళ కడుపులో మంట
మన చెవికొచ్చేసరికి మెడకు తాడవుతుంది.

మూడు పూటలూ వేసుకోమని రాసిన మాత్ర చూసి
"ఈ నెల నాకున్నవి రెండే పూటలు" అంది నూర్‌బీ.
రంజాను అని నేను చెప్పాక
డాక్టరమ్మ చీటీ కొట్టేసి మళ్ళీ రాసింది,
సహరీకి ఒకటి, ఇఫ్తారుకు ఒకటి.

మెట్రో పనిలో పడి తుంటి విరిగిన బీహారు పిల్లోడు మాత్రం
ఏం అడిగినా గోడవైపు తిరుగుతాడు.
ఆ భాష నాకింకా రాలేదు.

ఇక సుంకులమ్మ సంగతి.
పత్తికొండ వైపు మనిషి.
రెండేళ్ళుగా కాటన్‌పేటలో రోడ్లూడుస్తోంది.
కన్నడం వచ్చు, కూరగాయల బేరం కాడికి.
నొప్పి కాడికి రాదు.

ఆమె మొదటిసారి వచ్చిన రోజు నాకు సెలవు.
"కాళ్ళు ఒకటే తీపులమ్మా" అందట.
హుబ్బళ్ళి సెక్యూరిటీ అబ్బాయికి
సినిమాల్లో నేర్చిన తెలుగు.
"కాలు సిహి అంతె, మేడం" అని చెప్పాడు.
తియ్యటి కాళ్ళు!
ఇంకేముంది, సుగర్ చూడమన్నారు.
నెత్తురు తీశారు.
సుగర్ లేదు.
"ఏనూ ఇల్ల, హోగమ్మ."

ఏమీ లేదన్న కాగితాన్ని మడిచి
రవికలో పెట్టుకుని
ఇంకో ఇరవై రోజులు ఊడ్చింది సుంకులమ్మ.
చీలమండ పైన పుండు లేచాక
కుంటుకుంటూ మళ్ళీ వచ్చింది.

ఈసారి నేనున్నాను.
డాక్టర్ బర్నాలిది అస్సాం. చిన్న పిల్ల, పెద్ద ఓపిక.
నొప్పి పదిలో ఎంతో అడగమంది.
అడిగాను.
"పది సందులు ఊడ్చేదాకా ఏముండదు,
పదకొండో సందు నిలబడనీదు" అంది సుంకులమ్మ.
ఇది ఏ అంకె కింద రాయాలో
డాక్టరమ్మకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

కర్టెను లాగి, చీర కుచ్చెళ్ళు జానెడు ఎత్తమన్నాను.
మొన్న మగపిల్లల ముందు ఎత్తనిది
నా ముఖం చూసి ఎత్తింది.
పిక్క నిండా నల్లగా ఉబ్బిన నరాలు
కాటన్‌పేట సందుల్లాగే
ఒకదాంట్లోంచి ఒకటి మెలికలు తిరిగి.

"తీపంటే మిఠాయి కాదు మేడం,
నిలబడీ నిలబడీ ఎముకలోంచి గుంజుతుందే, అది.
సలుపు వేరు, పోటు వేరు."
ఆమె జేబులోంచి చిన్న పుస్తకం తీసి
మూడు మాటలూ రాసుకుంది.
రాస్తూ ఆగి, నవ్వి,
"మా జోర్హాట్‌లో నొప్పిని బిఖ్ అంటాం.
విషం అన్న మాటే అది" అంది.

వాళ్ళకు విషం. మాకు తీపు.
ఒకే కాలు.

సుంకులమ్మకు పట్టీ కట్టి, సాక్సు రాసి,
ఆరు వారాలు నిలబడే పని వద్దని
కాంట్రాక్టరుకు చీటీ కూడా రాసింది.
వాడు ఏ భాషలో చదువుతాడో చూడాలి.

నేను లేవబోతుంటే
గోడ పట్టుకోవడం గమనించినట్టుంది.
"ఉరుకుందమ్మా, నీకు? తిప్పా? సలప్పా?"

పదకొండేళ్ళుగా ఈ వార్డులో
ఊరందరి నొప్పులూ అటు ఇటు మోశాను.
నాది ఎవరూ అడగలేదు.
నోరు తెరిచాను.
నాలుగు భాషల్లో ఒక్కదాంట్లోనూ
మాట దొరకలేదు.

"వరండా తడిగా ఉంది మేడం, చూసి నడవండి"
అని
కర్ర కోసం వెతుక్కున్నాను.