ఆవం గది

లాంగ్టన్‌లో కప్పుల ఫ్యాక్టరీ మూతపడ్డాక
మిగిలిన గదుల్లో రెండు పిల్లలకిచ్చారు.
మంగళవారం తాళం తీయడం నా వంతు.

లెవీ మొదట మట్టి కోసం రాలేదు.
ఇంట్లో గ్యాస్ కార్డు ఖాళీ.
ఇక్కడ ఆవం పక్క గోడ వెచ్చన.
వీపు ఆనించి కూర్చునేవాడు
టోపీ కళ్ళమీదికి లాక్కుని,
బడి వద్దన్న పదిహేనేళ్ళ పొడుగు.

మోరీన్ ఏమీ అడగలేదు.
నలభై ఏళ్ళు కప్పులకు చెవులు అతికించిన చేతులావిడవి.
ఓ ముద్ద కోసి, వాడి ఒళ్ళో పెట్టి
టోస్టు కాల్చడానికి వెళ్ళిపోయింది.

మూడు వారాలకి ఒక గిన్నె.
ఆవంలో పేలింది.
పక్కవాళ్ళ రెండు కప్పుల్నీ వెంట తీసుకుపోయింది.
కుర్చీ విసురుతాడనుకున్నాను
(బడిలో విసిరాడట).
పెంకులు ఏరుతూ అన్నాడు:
"ఎందుకు పేలింది?"

మాకు వినిపించిన వాడి మొదటి ప్రశ్న.

"లోపల గాలి ఉండిపోయింది నాయనా,
పిసకడంలో తొందరపడ్డావు."
ఆ సాయంత్రం బల్ల కదిలిపోయేలా పిసికాడు.

మార్చి చివర గ్రాంటు వాళ్ళ కాగితం:
లబ్ధిదారులెందరు? వచ్చిన మార్పేమిటి? అంకెల్లో రాయండి.
పదకొండు, అని రాశాను.
రెండో గడి దగ్గర కలం ఆగింది.

కిటికీ గట్టుమీద ఆరుతోంది
లెవీ రెండో గిన్నె,
అరచేతి కంటే చిన్నది, ఓ పక్కకి ఒరిగింది.
దేనికిరా అంటే
"గ్యాస్ కార్డు వేసుకోడానికి.
అమ్మ ఎప్పుడూ ఎక్కడో పెట్టి మర్చిపోతుంది."