ఆరో చిప్ప

ఏమీ ముట్టుకోలేదన్నాడు బాల్దొవీనో,
ఆపిల్ మర ఇంజన్ని గుమ్మంలో దించుతూ.
అడక్కముందే అన్నాడు.
టోపీలోంచి కారే నీళ్ళు నా నేల మీద వదిలి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులుగా చిలోయె దీవి మీద వాన.
పెరట్లో బస్తాల్లో ఆపిళ్ళు
మమ్మల్ని కాదని వాటంతటవే పులిసిపోతున్నాయి.
పొయ్యి పక్క బల్ల మీద పాత పేపరు పరిచాను.
రాత్రి తిన్న ఆల్చిప్పలు కడిగి
ఎడమ నుంచి కుడికి పేర్చాను.
"విప్పడం ఎవడికైనా వచ్చు," అన్నాను యస్నాతో,
"చిప్పల వరసే చదువు."

మొదటి దాంట్లో బోల్టు, దాని వాషరు.
రెండో దాంట్లో గిన్నె. అడుగున పోయినేటి పెట్రోలు
ముదిరిన పాకంలా అంటుకుని, వార్నిష్ కంపు.
ఫ్లోటుని చెవి దగ్గర ఊపాను. లోపల చుక్క చేరలేదు.
పిన్ను. సూది. మొన మీద చిన్న గీత,
గోటికి తెలుస్తుంది, కంటికి తెలీదు.
యస్నా టార్చీ పట్టుకుంది, ఊపిరీ పట్టుకుంది.

ఆరో చిప్పలోకి జెట్టు రావాలి.
రాదు.
గాడి అంచుల్లో స్క్రూడ్రైవరు జారిన గీతలు,
ఇత్తడి అక్కడ కొత్తగా మెరుస్తోంది.
ముట్టుకోలేదట!

ఒక నూనె చుక్క. ఒక మాతే తాగేంత ఓపిక.
తర్వాత ఒకటే పట్టు. కదిలింది.
దీపానికి ఎదురుగా పెట్టి చూశాను,
వెంట్రుక పట్టే బెజ్జంలో వెలుగు లేదు.
తీగతో పొడిస్తే బెజ్జం పెద్దదవుతుంది.
గాలం దారం దూర్చి, మెల్లగా మెలేసి, ఊదాను.
మళ్ళీ ఊదాను.
పేపరు మీద రాలింది
అగ్గిపుల్ల చీలిక, నువ్వుగింజలో సగం లేదు.

యస్నా పకపకా నవ్వింది.
నేను నవ్వలేదు. పోయిన చలికాలం
నా కప్పు మీద చెక్కపెంకులు సర్దినవి ఆ చేతులే.
స్క్రూడ్రైవరు ఒక్కటే వాటికి మాట వినదు.

ఇక కుడి నుంచి ఎడమకి.
బోల్టు బిగించి చెయ్యి తుడుచుకున్నాక చూస్తే
ఒక చిప్పలో బుల్లి స్ప్రింగు మిగిలి ఉంది.
మళ్ళీ విప్పాను.
యస్నా ఏమీ అనలేదు. తెలివైన పిల్ల.

తాడు మూడుసార్లు లాగితే దగ్గు,
నాలుగోసారికి తెల్లటి పొగ, ఆ పైన గొంతు.
మర తిరిగింది. ఆపిల్ రసం వాసన వాకిలంతా.

ఆ చప్పుడుకే వచ్చాడు బాల్దొవీనో.
"ఏమైందట దానికి?"
"చెత్త," అన్నాను.
గ్లాసు నింపి అతని ముందు పెట్టాను,
ఆరో చిప్ప పక్కనే.

సిగరెట్టు నోట్లో పెట్టుకున్నాడు, అగ్గిపెట్టె తెరిచాడు,
ఒక పుల్ల తీసి దాని చివర చూశాడు, చిప్పలోకి చూశాడు.
పుల్లని మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.
లేచి, వెలిగించని సిగరెట్టుతోనే,
అన్నిటికన్నా బరువైన బస్తా వెతికి భుజానికెత్తుకున్నాడు.