పైకి అనని ఎనిమిది

మతాన్సాస్‌లో, యుమురి ఏరు సముద్రంలో పడే చోట
పాత చక్కెర గిడ్డంగి.
కింద మా బాక్సింగు బడి,
పైన చెక్క అంతస్తులో పెద్దమ్మ లెయోకాదియా నాట్యం.
మా తలల మీద సున్నం కూడా లయ తప్పకుండా రాలేది.

ఊనో, దోస్, త్రెస్... నాలుగు అనదు.
సింకో, సెయిస్, సియెతె... ఎనిమిది అనదు.
"ఆ రెంటినీ ఎందుకు మింగేస్తావు?" అని అడిగాను.
"మింగడం కాదురా, పాదం అక్కడ ఊపిరి పీల్చుకుంటుంది.
అడుగు వెయ్యని చోటే తెలిసిపోతుంది
ఎవడు ఆడుతున్నాడో, ఎవడు ఉత్తినే నడుస్తున్నాడో."
నాకు పదకొండేళ్ళు.
అర్థమైనట్టు తలూపి మెట్లు దిగిపోయాను.

పంతొమ్మిదో ఏట, సియెన్‌ఫుయెగోస్‌లో, రెండో రౌండు.
ఎర్ర బనీనువాడి పేరు యుస్నియెల్.
వాడి ఎడమచెయ్యి నేను చూడలేదు,
చూసింది నేలనే.
నేల కరిచాడంటారే, నిజంగానే కరిచాను.
ఉప్పగా ఉంటుంది కాన్వాసు,
నాకన్నా ముందు పడ్డవాళ్ళందరి చెమట.

రెండు అనేలోపే లేచాను. పౌరుషం.
రిఫరీ ఆగలేదు. మూడన్నాడు.
లేచాను కదయ్యా అంటే
మౌత్‌గార్డు వెనక మాట ముద్దయిపోయింది.
నాలుగు.
పెద్దమ్మ ఏనాడూ నోట పలకని నాలుగు
ఆయన వేళ్ళయి నా ముక్కు ముందు విచ్చుకుంది.

నియమం అంతేనట,
పడ్డవాడు ఎంత తొందరగా లేచినా
ఎనిమిది దాకా వాడు ఎవరికీ అందడు.
కొట్టినవాడు తెల్ల మూలకు పోయి నిలబడాలి.
బతుకులో నాకు అలాంటి మూల
మరెవరూ గీసి పెట్టలేదు.

అయిదు, ఆరు.
జనం అరుపులు నీళ్ళడుగు నుంచి వస్తున్నట్టు.
ఏడుగురు పిల్లల్లో ఆరోవాణ్ణి,
రేషను పుస్తకం తప్ప నన్ను లెక్కచేసింది లేదు.
ఈ ముక్కూ మొహం తెలియని మనిషి
నా కళ్ళలోకి చూస్తూ
నన్ను లెక్కపెడుతున్నాడు.

ఏడు.
ఎక్కడిదో సున్నం భుజం మీద రాలినట్టయింది.
కదలబోయిన కుడిపాదం ఆగింది.
ఎనిమిది ఆయన గట్టిగానే అన్నాడట.
నాకు వినపడలేదు.

ఓడిపోయాను, ఆ సంగతి దాచను. పాయింట్ల మీద.

ఇప్పుడు నేనే రిఫరీని, ఊరి పోటీలకు.
లేచిన కుర్రాళ్ళు నా మీద విసుక్కుంటారు,
చేతులు పైకెత్తి చూపిస్తారు, బాగానే ఉన్నామని.
ఉంటారు. అయినా లెక్కపెడతాను.

పెద్దమ్మకు తుంటి విరిగి నాలుగు నెలలు.
పొద్దున్నే మంచం పక్కన నిలబెట్టి
ఎదురుగా వేళ్ళు చాపుతాను.
రెండుకే నా మణికట్టు పట్టేస్తుంది.
అయిదుకు గడ్డం వణుకుతుంది.
ఏడుకు కిటికీ వైపు చూస్తుంది.
ఎనిమిది అనబోతాను.

నా నోటిమీద ఒక్కటి వేస్తుంది, మెత్తగా.
"దాన్ని పైకి అనకురా.
నిలబడే ఉన్నాను కదా."