తవ్విన కార్తె

హన్మకొండలో మా ల్యాబు కిటికీకి ఒక రెక్క లేదు.
అట్టముక్క పెట్టి టేపు అంటించాం.
దాని పక్కనే, గాజుబుడ్డిలో,
చిక్కటి డికాక్షన్ రంగులో తిరుగుతూ ఉంటుంది
తాడ్వాయి అడవి.

నమూనా నలభై మూడు.
మోకాళ్ల నొప్పులకు వాసం కన్నక్క ఇచ్చే గడ్డ.
పేరు ఆమె చెప్పలేదు.
ఫారంలో ఆ గీత ఖాళీగా కనబడితే
సారు ఎర్రపెన్నుతో సున్నా చుట్టాడు.

ఇరవై ఎనిమిది రోజులు
పొద్దున తొమ్మిదింటికి
ఎలుక మెడ వెనక చర్మం ఒడిసి పట్టి
గొంతులోకి సన్న గొట్టం.
ఆదివారాలూ, బతుకమ్మ నాడూ.
తోకల మీద నల్లగీతలే వాటి పేర్లు.
మూడు గీతలది నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి
ఊచల దగ్గరికి వచ్చేది.
ఇరవై తొమ్మిదో రోజు దాని కాలేయం
పలుచగా కోసి అద్దం మీద పరిస్తే
చెదలు తిన్న చాప.

ఆ మాట చెప్పడానికే మేడారం బస్సెక్కాను.
సంచిలో రిపోర్టు, నాలుగు బత్తాయిలు.

కన్నక్క ఇప్పపువ్వు ఆరబోస్తోంది.
కాలేయం అన్నాను.
"కార్జమా?" అంది.
కాయితం వైపు చూడలేదు.
"ఎప్పుడు తవ్విన్రు?"
రోహిణిలో.
"నీళ్లకు మొత్తుకునే గడ్డను తవ్వితె
కరవక ముద్దు పెడ్తదా?
చిత్తల తవ్వాలె.
పుల్లటి సల్లల మూడొద్దులు నానెయ్యాలె.
గురిగింజెత్తు. అంతకు మించి అడిగితె నేనియ్య."

నా ఫారంలో తేదీ ఉంది, కార్తె లేదు.
అక్షాంశం ఉంది, చల్ల లేదు.
సిగ్గేసింది.
లోపలెక్కడో చిన్న సంబరం కూడా:
తప్పు మాదైతే మందు బతికినట్టే కదా.

ఆమె ముఖంలో మాత్రం సంబరం లేదు.
"ఎన్నొద్దులు పోసిన్రు ఎలుకలకు?"
ఇరవై ఎనిమిది.
పువ్వుల్లోంచి ఒక పుల్ల ఏరి పారేసింది.
ఇంకో పుల్ల.
"మా అత్త మూడేండ్లు తాగింది.
చిత్తల తవ్విందే. సల్లల నానిందే.
నా చేత్తోనే ఇచ్చిన.
కండ్లు పచ్చగయ్యి పోయింది.
పసిరికలన్నరు. గంతే అనుకున్న.
అప్పటిసంది
అనుకుంటనే ఉన్న."

దీనికి నా దగ్గర పట్టిక లేదు.
బత్తాయి ఒలిచి ఇచ్చాను.
తినకుండా చేతిలో పట్టుకుని
లోపలికి పోయింది, అటుక మీద వెతికిన చప్పుడు,
పాత చీరపేగుతో కట్టిన ముడి తెచ్చింది.
"ఇది చిత్తది. మంచిగ జూడు.
నా మొకం జూసి మాత్రం రాయకు."

పస్రా దాటాక కండక్టరు ముక్కు ఎగబీల్చాడు.
"ఏం మందు మేడం?"
మందో కాదో, చూడాలి అన్నాను.
టికెట్టు చించి ఇచ్చి నవ్వాడు.

రాత్రి ల్యాబులో స్కేలు దొరకలేదు.
ఐడీ కార్డు అంచు ఆనించి
తేదీ పక్కన ఒక గీత గీశాను.
తవ్విన కార్తె: చిత్త.
దాని కింద, సారు ఏమంటాడో తెలియకపోయినా,
మరొకటి.
తాగినవాళ్లు ఎవరు, ఎన్నాళ్లు.
మూడేండ్లు అని రాశాను.
పేరు దగ్గర పెన్ను ఆగింది.
ఆ అత్త పేరు
నేను అడగనే లేదు.