మూడు రంపపు బద్దలు

గ్యూమ్రీలో మంచు పడే నెలల్లో
నా కుట్టుమిషను రెండు రకాలుగా నడుస్తుంది:
పొయ్యి వెలిగించకముందు ఒకలా, కాళ్ళు వేడెక్కాక ఒకలా.
రెండింటికీ నడుమ ఎక్కడో
అలమారలో ఒక గ్లాసు మూలుగుతుంది.

ఆరున్నాయి. ఒక్కటే.
మిగతా అయిదూ ఏమీ విననట్టు
బోర్లా పడుకుని ఉంటాయి.

కాలు కాస్త తొందరపెడితే ఊరుకుంటుంది,
కాస్త నెమ్మదిస్తే ఊరుకుంటుంది,
సరిగ్గా ఆ నడక దగ్గరికి వచ్చానా
పేరు పెట్టి పిలిచినట్టు పలుకుతుంది.

ముందు ఎలుక అనుకున్నాను.
ఆ తర్వాత మా అత్తగారు ష్నోరిక్ అనుకున్నాను. గ్లాసులు ఆవిడవి,
బతికుండగా కూడా నా కుట్టు ఆవిడకి నచ్చేది కాదు.

బూట్లు బాగుచేసే సెరోబ్‌ని అడిగాను.
నవ్వలేదు.
పళ్ళరిగిన రంపపు బద్దలు మూడు వెతికి
ఒకే చెక్కకి నిలువుగా బిగించాడు:
పొడుగుది, నడిమిది, పొట్టిది.
ఒక్కోదాని కొసనా చిటికెడు సీసం.

చెక్కని మెల్లగా ఊపాడు. పొడుగుది తలాడించింది.
ఇంకాస్త వేగంగా ఊపాడు. పొడుగుది సద్దుమణిగి నడిమిది లేచింది.
చెయ్యి కనపడనంత వేగంగా ఊపాడు.
పొట్టిది బుస్సుమంది.

"చెక్క ఒకటే," అన్నాడు. "చెయ్యీ ఒకటే."

నేను ఎనిమిదో తరగతి మధ్యలో,
ఒక డిసెంబరులో, ఆగిపోయినదాన్ని.
పంతులమ్మ గోహర్ దగ్గర పుస్తకం అడిగి తెచ్చుకున్నాను.
అనునాదం అని ఒక మాట, దాని కింద వర్గమూలాలు,
వాటి కింద చీమలబారు.
గ్లాసు లేదు అందులో. అత్తగారు లేరు.
అయినా ఒక్క వాక్యం దొరికింది,
కోటు గుడ్డ మీద సుద్దతో రాసుకున్నాను:
ప్రతి వస్తువుకీ తనదైన ఊపు ఒకటి ఉంటుంది.

ఆ వారమంతా ఇంట్లో కనపడ్డవన్నీ తట్టి చూశాను.
కత్తెర, కిటికీ రెక్క, మూకుడు.
ఇస్త్రీపెట్టె మొద్దు. గరిటె మాటకారి.
మొగుడి భుజం తడితే
నిద్రలోనే "ఎవరది" అన్నాడు.

గురువారం అనుకుంటా, జేబు ముక్క కత్తిరిస్తూ కత్తిరిస్తూ
చెయ్యి ఆగింది.

తొమ్మిదంతస్తులు.

మా వీధిలో నల్లరాతి పాత ఇళ్ళు
పగుళ్ళతోనే అయినా నిలబడ్డాయి, ముత్తాతల నాటివి.
కొత్తవి, లిఫ్టులున్నవి,
అక్కడ ఉండేవాళ్ళని చూసి మేం కుళ్ళుకున్నవి,
అవే.

షాపు మూసేవేళ వెళ్ళాను.
నేనింకా అడగనే లేదు, సెరోబ్ ఆ చెక్క బయటికి తీశాడు.
"పొడుగుది అటు వెళ్ళి ఇటు రావడానికి
సుమారు ఒక సెకను అనుకో.
మన కింద మట్టి మెత్తన, ఎప్పటిదో సరస్సు అడుగు.
దానికీ దాదాపు అంతే పడుతుంది."

ముప్పై ఏళ్ళు పైగా దాచుకున్న మాటలు.
అతని వాళ్ళు ఆరో అంతస్తులో ఉండేవారు.
"అంతా అదే కాదు. సిమెంటు తక్కువేశారు," అని కూడా అన్నాడు,
ఆ ఒక్క మాట మాత్రం చెక్క వైపు చూడకుండా.

కారణం తెలిస్తే తేలికవుతుందనుకున్నాను.
బూటులో గులకరాయి
ఏ వేలి కింద ఉందో తెలిసింది, అంతే.

వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచి చెప్పాడు:
తిరిగే యంత్రం దేనికైనా దారిలో అలాంటి వేగం ఒకటి తగులుతుందట,
గబగబా దాటెయ్యాలట,
అక్కడ నిలబడితే బోల్టులు ఊడొస్తాయట.

నేనూ దాటేస్తూనే ఉన్నాను, రోజూ, కాలి మడమతో.

నిన్న ఎందుకో దాటలేదు.
పెళ్ళిగౌను అంచు కుడుతూ సరిగ్గా అక్కడే తొక్కుతూ ఉండిపోయాను,
బాబినులో దారం అయిపోయేదాకా.
గ్లాసు పలుకుతూనే ఉంది.
కుట్టంతా వంకర పోయింది.
విప్పి మళ్ళీ కుట్టాలి,
శనివారంలోగా.